తలుపు తీసే డబ్బు లేదు

ప్రళయానికి మా దగ్గర పదకొండు రోజులున్నాయి.
పన్నెండో రోజు పొద్దున్నే జనరేటర్ తిరిగిచ్చేయాలి.

వ్లోరా దాటాక, సముద్రం వైపు వాలిన కొండ మీద
బోర్లించిన మూకుడులాంటి సిమెంటు బంకరు.
నలుగురు పడతారు. ఐదోవాడి మోచెయ్యి
ఎటు తిప్పినా ఫ్రేములోకి వస్తుంది.
స్క్రిప్టులో బతికి మిగిలినవాళ్లు ఆరుగురు.
లెక్కలు చూసుకుని స్కెందర్
ఇద్దర్ని మొదటి పేజీకి ముందే చంపేశాడు.

నేను శబ్దం మనిషిని.
లోకం ఎలా కాలిపోయిందో చూపించే స్తోమత లేదు గనక
వినిపించే పని నా నెత్తిన పడింది.
ఆమ్లవర్షమంటే
రేకు పళ్లెం మీద జారవిడిచిన చిక్కుడు గింజలు.
విషగాలి, ఖాళీ రాకీ సీసా మూతి మీద నా ఊపిరి.
గోడ అవతల తిరుగుతుండే పేరులేని జంతువు
మా డ్రైవర్ గాజ్మెండ్ గురక,
నాలుగింతలు నెమ్మది చేసింది.
అతనికింకా చెప్పలేదు.

బంకరు నాజిఫ్ తాతది. అంటే
అందులో ఉల్లిపాయలు దాచుకునేది ఆయన.
అద్దె వద్దు, పైకప్పు చిల్లుకి తారు పూయిస్తే చాలన్నాడు.
పూయించాం.
మా సినిమాలో వాన ఆగింది అక్కడొక్కచోటే.

పందొమ్మిదేళ్ల వయసులో
ఈ సిమెంటు కలిపింది ఆయనేనట.
శత్రువు నీళ్లమీంచి వస్తాడని చెప్పారట.
ఆ గోడ చీలికలోంచి చూస్తూ
తుపాకీ ఒళ్లో పెట్టుకుని రెండు చలికాలాలు.
ఒక్క పడవా రాలేదు.
ఓసారి మాత్రం ఒక కుర్చీ
అలల మీద తేలుకుంటూ వచ్చింది.
పైవాళ్లకి కబురు పంపాలా వద్దా అని
తెల్లారేదాకా తేల్చుకోలేకపోయాడట.

నలభై మూడో సీను.
ఎల్వానా తలుపు వైపు చూస్తూ వణకాలి.
వణికింది. ఏడు టేకులు.
ఏడూ జ్వరం వచ్చినట్టున్నాయి తప్ప భయం రాలేదు.
ఉల్లిగంప మీద కూర్చున్న నాజిఫ్ ఉండబట్టలేక అన్నాడు:
"తలుపుకేసి ఎందుకు చూస్తావు తల్లీ?
తలుపు చూసేది మొదటి వారమే.
తర్వాత మనిషి తన గోళ్లు చూసుకుంటాడు.
పక్కవాడు రొట్టె నమిలే చప్పుడు మీద
పగ పెంచుకుంటాడు."

ఎనిమిదో టేకులో ఆమె గోళ్లు చూసుకుంది.
హెడ్‌ఫోన్స్ లోపల నా చెవులకి చలేసింది.

ఆఖరి పేజీలో తలుపు తెరుచుకోవాలి.
అవతల బూడిదైన నగరం కనిపించాలి.
బూడిద ఉంది, నాజిఫ్ పొయ్యిలోది, రెండు బస్తాలు.
నగరమే లేదు.
తెల్లటి వెలుగు కొట్టి వదిలేద్దాం అన్నారెవరో.
చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లందరూ
చివరికి చేరేది ఆ వెలుగులోకేనని
స్కెందర్ బయటికెళ్లి సిగరెట్టు ముట్టించాడు.

ఖాళీ గదికీ ఒక గొంతుంటుంది.
కోతలకి అతుకు వేయడానికి
దాన్నొక నిమిషం పట్టి దాచుకోవాలి.
పదకొండో రోజు, దీపాలు ఆర్పేముందు,
అందర్నీ ఎక్కడివాళ్లనక్కడ నిలబెట్టాను.
సిమెంటు తన చల్లదనాన్ని మింగుతున్న చప్పుడు.
ఎవరిదో కడుపు.
నలభయ్యో సెకను దగ్గర,
గోడ అవతల, పైనుంచి కిందికి
మేకల గంటలు.

లోకం అంతమైపోయిందని
మాతో ఎవరూ వాటికి చెప్పించలేదు.
ఆపమని ఎవరూ అనలేదు.

సినిమా అక్కడే ముగించాం.
మూసిన తలుపు, నల్లటి తెర, గంటలు.
గొప్ప తెలివి అన్నారు చూసినవాళ్లు.
మేం ఒకరి మొహాలొకరు చూసుకోలేదు.

వ్లోరాలో, ప్లాస్టిక్ కుర్చీల హాల్లో
నాజిఫ్ మొదటి వరసలో కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కాతో.
దీపాలు వెలిగాక అడిగాను, ఎలా ఉందని.
"ఉల్లి వాసన రాలేదు," అన్నాడు.
కాసేపాగి,
"ఆ మేకలు శాబాన్‌వి.
వాటిలో ఒకటి కుంటుతోంది, ఎడమ ముందుకాలు.
వాడికి చెప్పాలి."

ఆ గంటల్ని నేను
నాలుగొందల సార్లు విని ఉంటాను.